తడి ఆరేదాకా

లుంబాన్,
24 జనవరి 1989

ప్రియమైన మారే పినాంగ్‌కు,

పునీత సెబాస్తియన్ పండుగ అయిపోయింది. స్వామిని పడవ మీద ఏటిలో ఊరేగించారు. పడవలో ఉన్నవాళ్ల సంగతి సరే, ఒడ్డున నిలబడ్డ వాళ్లను కూడా లాగి నీళ్లలో ముంచారు కుర్రాళ్లు. ఈసారైనా వస్తావని అటక మీది మంచి చాప దింపి ఎండేశాను. నువ్వు రాలేదు కానీ నువ్వు పంపిన దురియాన్ పాలకోవా వచ్చింది. ఆ కంపుకి పోస్ట్‌మాన్ పార్సిల్‌ని సైకిలు వెనక తాడు కట్టి ఈడ్చుకొచ్చాడేమో అనిపించింది. తిన్నాను లే. బాగానే ఉంది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. ఎడమ కన్ను నాకు సహకరించడం మానేసింది. దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయి. ఎడమ పక్కన మనిషి నిలబడితే మాట వినిపించేదాకా తెలియడం లేదు. మొన్న ఒఫెలియా కుట్టు చట్రానికి నా కాలు తగిలి బిగించిన బట్టంతా వదులైంది. అది పెళ్లికొడుకు బరోంగ్ చొక్కా, అనాసనార బట్ట, మూడు వారాల పని. ఒఫెలియా నా దగ్గర చేరి పదేళ్లయింది కాబట్టి నోరు మూసుకుంది. కొత్త పిల్లయితే ఏడ్చేది.

సాంతా క్రూస్‌లో కంటి డాక్టరు దగ్గరికి ఆ పిల్లే లాక్కెళ్లింది. ఆయన గ్లకోమా అన్నాడు, కోత పెట్టాలన్నాడు. ఏదో పేరు పెట్టుకోనీ, కారణం మనకు తెలియదా? ఆ రాత్రి తడి జుట్టుతో పడుకున్నాను కదా. నలభై ఏళ్లు ఆగి వచ్చింది.

ఇప్పుడు రోజూ తల దువ్వుకుంటూ ఆ రోజులు తలుచుకుంటున్నాను. నువ్వు పాయెతే సంతలో కొనిచ్చిన నల్ల చెక్క దువ్వెనకు ఇప్పటికీ ఒక్క పన్ను ఊడలేదు. నాకే మూడు ఊడాయి.

నీ కూతురు, నా జ్ఞానపుత్రిక తెరెసితాకు ముద్దులు. దానికి జ్ఞానతల్లినయ్యాకే కదా మనం ఒకరికొకరం మారేలమయ్యాం. దాని నైట్ డ్యూటీలు తగ్గాయా?

నీ సియోన్


దవావో,
10 ఫిబ్రవరి 1989

ఒసే సియోన్,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. పోస్ట్‌మాన్ సంగతి ముందు రాసి కన్ను సంగతి ఆ తర్వాత రాస్తావా? తెరెసితా డ్యూటీ నుంచి వచ్చీ రాగానే ఉత్తరం చేతిలో పెట్టాను. చెప్పులు కూడా విప్పకుండా చదివింది. "అమ్మా, ఇది ఊరుకునే జబ్బు కాదు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. పోయిన చూపు రాదు, ఉన్నదైనా నిలబెట్టుకోవాలి. జ్ఞానతల్లిని వెంటనే ఆపరేషన్ చేయించుకోమను" అంది. అది నర్సు. మన ఇద్దరి కంటే దానికే తెలుసు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు.

నువ్వు ఆ రోజులు గుర్తు చేశాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకు కుట్టు నేర్పిన మాయెస్త్రా బెలెన్ ఇంట్లో పన్నెండుమంది ఆడపిల్లలం. పగలు తల రుద్దుకోవడానికి వీల్లేదు, జుట్టు లోంచి ఒక్క బొట్టు తెల్లబట్ట మీద రాలితే మచ్చ పోదు. పని ముగిశాక కూడా వెంటనే వీల్లేదు, సూది పట్టి వేడెక్కిన చేతులకు చన్నీళ్లు తగిలితే పస్మా, వణుకు పుట్టి ఇక కుట్టు సాగదు. అందుకని గంటసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని అమ్మగార్లలా కూర్చోవడం, ఆ తర్వాత గూగో బెరడు నురుగుతో తల రుద్దుకోవడం. అంతా అయ్యాక అసలు కథ. తడి తలతో పడుకుంటే కళ్లు పోతాయి, లేకపోతే మతి పోతుంది! అందుకే ఇద్దరేసి జట్టు. ఒకరి జుట్టు ఆరేదాకా ఇంకొకరు విసరాలి. నా జట్టు నువ్వు.

నీ జుట్టు మోకాళ్ల దాకా ఉండేది, నీ దుంప తెగ. నాది భుజాల దాకా. నాది పదినిమిషాల్లో ఆరిపోయేది, నీ దానికి నా చెయ్యి పడిపోయేది. "ఓసి పిల్లా, సియోన్ జుట్టు కాదే అది, చేపల వల" అనేది మాయెస్త్రా. తర్వాత దీపం పట్టుకుని వచ్చి ఒక్కొక్క దిండూ చేత్తో తడిమి చూసేది. దిండు చెమ్మగా ఉంటే ఆ పిల్లా లేవాలి, జట్టు పిల్లా లేవాలి. లోకంలో ఉన్న కబుర్లన్నీ ఆ విసనకర్ర గాలిలోనే చెప్పుకున్నాం కదూ. పెళ్లయిన ముప్పై ఐదేళ్లలో మా ఆయనతో అన్ని మాటలు ఆడలేదు నేను.

ఆ రాత్రి సంగతి ఎందుకులే ఇప్పుడు. డాక్టరు దగ్గరికి వెళ్లు.

పినాంగ్


లుంబాన్,
2 మార్చి 1989

మారే,

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఎడమ కన్ను పోయినట్టేనట. కుడి కంటిలో కూడా మొదలైందట. వానలు మొదలయ్యేలోపు కోత పెడితే అది నిలుస్తుంది, లేకపోతే వచ్చే పండుగకు పునీతుడి పడవ కనపడదన్నాడు. మే ఎనిమిదో తేదీ రాసిచ్చాడు.

అక్కణ్ణుంచి నేరుగా ముసలి బాసియా దగ్గరికి వెళ్లాను. నీకు గుర్తుందా, మనకు భుజాలు పట్టేస్తే నూనె రాసి మర్దన చేసేది? ఎనభై దాటింది, ఇంకా చేతిలో బలం ఉంది. నా తల తడిమి, కణతలు నొక్కి, "ఏమ్మా, ఎప్పుడైనా తడి జుట్టుతో పడుకున్నావా?" అంది. నేనేం చెప్పకముందే! "ఒక్కసారి" అన్నాను. "ఒక్కసారి చాలమ్మా. ఆ చలి కంటి వెనక కూర్చుంది. పస్మా ఉన్నచోట కత్తి పెట్టకూడదు. పెడితే రెండోదీ పోతుంది, మతీ పోతుంది. నూనె రాస్తాను, కదిపి చూద్దాం" అంది. కాబట్టి నేను వెళ్లను. ఉన్న ఒక్క కన్నునీ కత్తికి అప్పగించలేను పినాంగ్.

నువ్వు ఆ రాత్రి సంగతి ఎందుకన్నావు. నాకు కావాలి. ఇప్పుడు నేను కళ్లు మూసినా తెరిచినా ఎక్కువ కనిపిస్తున్నది అదే. గవర్నరు ఇంటి పెళ్లి గౌను. తొమ్మిది రోజులు తెల్ల దారం మీద తెల్ల దారం, కిరసనాయిలు దీపం. ఆఖరి ముడి వేసి, తల రుద్దుకుని, కిటికీ పక్క బల్ల మీద ఒక్క నిమిషం ఒరిగాను. అంతే. తెల్లారి లేచేసరికి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. నువ్వూ అలిసి పడుకుని ఉంటావు, నిన్నేమీ అనడం లేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల నిద్రపోతే పదిహేడేళ్ల పిల్ల కాపలా కాయాలా?

ఆ పొద్దునే కదా అతను, ఆ క్రిసాంతో, నన్ను వదిలి వెళ్లిపోయాడు. పాయెతేలో దేవుళ్ల ముఖాలు చెక్కేవాడు, ఓడలో వడ్రంగం పని దొరికిందని ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు. ముందు ఆదివారం కూడా గుడి మెట్ల మీద నా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఏం తప్పు చేశానా అని ఎన్నేళ్లు వెతుక్కున్నానో నీకు తెలుసు. ఒక్క రాత్రి తల ఆరబెట్టుకోకుండా పడుకున్నందుకు మనిషీ పోయాడు, కళ్లూ పోతున్నాయి. ఇందులో డాక్టరు చేసేదేముంది?

సియోన్


దవావో,
15 మార్చి 1989

సియోన్,

ఈ ఉత్తరం చిన్నది. ఆ రాత్రి నీ జుట్టు తడిగా లేదు. ఆరిపోయింది. కుదుళ్ల దాకా ఆరిపోయింది. నా తెరెసితా మీద ఒట్టు.

ఎలా తెలుసని అడగకు. బాసియా మాట పక్కన పెట్టి ఎనిమిదో తేదీన వెళ్లు. నీ కాళ్లు పట్టుకుంటాను.

పినాంగ్


లుంబాన్,
1 ఏప్రిల్ 1989

రుఫీనాకు,

పినాంగ్ అని పిలవాలనిపించక నీ పూర్తి పేరు పెట్టించాను. ఇది నేను చెబుతుంటే ఒఫెలియా రాస్తోంది. కాగితం మీద గీతలు నాకు ఆనడం లేదు.

నా మనసు కుదుట పడాలని నువ్వు అబద్ధం చెబుతున్నావు. కన్నపిల్ల మీద ఒట్టు వేసి మరీ చెబుతున్నావు, అది తప్పు. నువ్వు నిద్రపోయావు. "నాకేమీ తెలీదే, పడుకున్నాను" అని ఆ పొద్దున నువ్వే ఏడుస్తూ చెప్పావు. పడుకున్నదానికి నా జుట్టు ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? జాలితో చెప్పే మాటలు ఇంకెవరికైనా చెప్పు. నేను నీ జట్టుని.

మే ఎనిమిదో తేదీన రావడం లేదని డాక్టరుకు చెప్పమని ఒఫెలియాకు చెప్పాను.

విసితాసియోన్

రుఫీనా పెద్దమ్మగారికి: ఇది నేను, ఒఫెలియా. ఈ ముక్క రాసినట్టు మా సియోన్ పెద్దమ్మకు తెలియదు. నిన్న మెట్టు కనపడక పడింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. సూదిలో దారం నాలుకతో తడుముకుని ఎక్కిస్తోంది. కుట్టు నేర్చుకునే పిల్లలు చూడకుండా గోడ వైపు తిరిగి ఎక్కిస్తోంది. డాక్టరుకు నేనింకా ఏమీ చెప్పలేదు. మీకు ఏదైనా తెలిస్తే చెప్పండి. మీ మాట తప్ప ఎవరి మాటా వినదు.


దవావో,
12 ఏప్రిల్ 1989

ఒఫెలియా, ఈ ఉత్తరం చదివేది నువ్వే కదా. పెద్దమ్మ పక్కన కూర్చుని చదువమ్మా. ఆమె ఆపమన్నా ఆపకు.

సియోన్,

నేను నిద్రపోలేదు.

నువ్వు బల్ల మీద ఒరిగావు. నేను విసనకర్ర తీసుకుని వచ్చేసరికి గురక పెడుతున్నావు. నీ జుట్టు బల్ల మీంచి కిందికి వేలాడుతోంది, చివర్ల నుంచి నీళ్లు నేల మీద పడుతున్నాయి. లేపుదామని చెయ్యి చాచాను. మాయెస్త్రా మాట గుర్తొచ్చింది. తడి తలతో నిద్రపోయినదాన్ని ఉలిక్కిపడేలా లేపకూడదు, ఆ చలి ఒక్కసారిగా కళ్లలోకి దూకుతుంది, ముందు ఆరబెట్టి తర్వాతే లేపాలి. సరేలే అని కూర్చుని విసరడం మొదలుపెట్టాను.

అప్పుడు కిటికీ కింద ఎవరో పిలిచారు. కిటికీ ఆల్చిప్ప పలక జరిపి చూస్తే క్రిసాంతో నిలబడి ఉన్నాడు. సంచి భుజాన ఉంది.

"సియోన్‌ని లేపు పినాంగ్. ఓడలో పనికి పిలుపొచ్చింది. తెల్లారి లాంచీకి మనీలా పోవాలి" అన్నాడు. "వస్తానంటే ఇప్పుడే తీసుకుపోతా. ఉంటానంటే రెండేళ్లకి తిరిగొస్తా. ఏదో ఒకటి తన నోటితో చెప్తే చాలు."

"తల తడిగా ఉంది, నిద్రపోయింది" అన్నాను.

అతను ఏమన్నాడో తెలుసా? కోప్పడతాడనుకున్నాను. "అయ్యో, అయితే లేపకు, పస్మా తగుల్తుంది" అన్నాడు. "ఆరనివ్వు. ఆరగానే లేపి పంపు. వంతెన దగ్గర ఉంటా, లాంచీ కూత వేసేదాకా ఉంటా." జేబులోంచి ఒకటి తీసి పైకి అందించాడు. "రాలేకపోతే ఇది ఇవ్వు."

అది దువ్వెన. నల్ల చెక్కతో తనే చెక్కాడు. నేను పాయెతే సంతలో ఏమీ కొనలేదు సియోన్. నలభై ఏళ్లుగా నువ్వు తల దువ్వుకుంటున్నది అతని దువ్వెనతో.

విసిరాను. ఒట్టు, చెయ్యి విరిగేలా విసిరాను. పాయలు పాయలుగా విడదీసి, నా పావడాతో పిండి, ఏడుస్తూ విసిరాను. అంత జుట్టు ఎందుకు ఇచ్చావురా దేవుడా అని తిట్టుకున్నాను. అర్ధరాత్రి దాటింది. పైన ఆరింది, కింద ఆరింది, మెడ దగ్గర మాత్రం చెమ్మ.

ఇక్కడిదాకా నేను ఎవరికైనా చెప్పుకోగలను, పాదిరి గారికి చెప్పాను కూడా. మిగతాది ఆయనకూ చెప్పలేదు.

ఆ చెమ్మ ఆరుతుండగా నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇది లేస్తే వెళ్లిపోతుంది. రేపటి నుంచి ఈ ఇంట్లో నా పక్కన ఎవరు కూర్చుంటారు? నా జుట్టు ఎవరు ఆరబెడతారు? చెయ్యి నెమ్మదించింది. నొప్పి వల్ల కాదు. నేనే నెమ్మదించాను. కోడి కూసేసరికి నీ కుదుళ్లలో వేళ్లు పెట్టి చూశాను. పొడిగా ఉంది. నాకు తెలుసు పొడిగా ఉందని. అయినా, ఇంకా కొంచెం చెమ్మ ఉందేమోలే అని ఇంకో వందసార్లు విసిరాను. లెక్క పెట్టుకుంటూ విసిరాను. అప్పుడు ఏటి వైపు నుంచి లాంచీ కూత వినిపించింది.

వంతెన దాకా చెప్పుల్లేకుండా పరుగెత్తాను. లేడు. తిరిగొచ్చేసరికి నీకు జ్వరం. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అది తొమ్మిది రోజుల కుట్టుపని వల్ల, ఇంక దేనివల్లా కాదు. నువ్వు అడిగావు, నేను పడుకున్నానని చెప్పాను. జ్వరం తగ్గాక చెబుదామనుకున్నాను. తగ్గాక నువ్వు అన్నం మానేశావు, ఇంకొన్నాళ్లు ఆగుదామనుకున్నాను. ఆగి ఆగి నలభై ఏళ్లయింది.

నన్ను ఏమైనా అను. ఉత్తరాలు మానేయి, మారే అని పిలవకు. కానీ నీ తలలోకి చలి వెళ్లలేదు. నా చేతులతో ఆపాను. నీ కళ్లకు వచ్చింది జబ్బు, శిక్ష కాదు. దానికి వైద్యం ఉంది, వెళ్లు.

రుఫీనా


దవావో,
22 మే 1989

సియోన్,

నలభై రోజులైంది. పోస్ట్‌మాన్ నన్ను చూసి దూరం నుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు. నువ్వు రాయకపోతే నాకు న్యాయమే. ఎనిమిదో తేదీన ఏమైందో ఒక్క మాట ఒఫెలియా చేత రాయించు. అంతకన్నా ఏమీ అడగను.

రు.


లుంబాన్,
9 జూన్ 1989

రుఫీనాకు,

అక్షరాలు పెసరగింజలంత కాదు, పనసపండ్లంత ఉన్నాయి, చూశావా? కానీ నావే. ఒఫెలియా పక్కన కూర్చుని వరస తప్పితే కాగితం జరుపుతోంది.

నీ ఉత్తరం జామచెట్టు కింద కూర్చుని మూడుసార్లు చదివించుకున్నాను. ఆ పిల్ల రెండోసారికే ఏడ్చింది. నేను ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి కుండలో అన్నం మాడగొట్టాను. దువ్వెన తీసి పెట్టె అడుగున పడేశాను. ఎనిమిది రోజులు తల దువ్వుకోలేదు, కుట్టు నేర్చుకునే పిల్లలు నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. అతను ఏమీ చెప్పకుండా పోయాడని నేను ఎవరెవరి ముందు తల దించుకున్నానో నీకు తెలుసు. మా అమ్మ చనిపోయేదాకా, "వాడికి నువ్వు నచ్చలేదే" అంటూనే ఉంది. నచ్చానని నీకు తెలుసు. పక్కనే కూర్చుని విన్నావు.

లేపనందుకు నిన్ను ఏమీ అనను. నీ చోట నేనుంటే నేనూ లేపేదాన్ని కాదు, ఆ వెర్రివాడు కూడా లేపకన్నాడు. ముగ్గురం ఒకే నీళ్లు తాగి పెరిగాం. కానీ ఆ ఆఖరి వంద ఉంది చూడు, పొడి జుట్టు మీద లెక్క పెట్టుకుంటూ విసిరావు చూడు, అది నా గొంతు దిగడం లేదు.

తొమ్మిదో రోజున బాసియా దగ్గరికి వెళ్లాను. జుట్టు తడి లేదట, ఎవరో ఆరబెట్టారట అని చెప్పాను. చాలాసేపు నా కణతల మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. "అలాగైతే ఇది పస్మా కాదమ్మా. నా చేతిలో లేదు. డాక్టరు దగ్గరికి పో" అని నూనె సీసాకు మూత బిగించింది. ఆవిడ అలా అన్నాక ఇక నాకు చెప్పుకోవడానికి ఏం సాకు మిగిలింది?

వెళ్లాను. మే ఏడున, కోతకు ముందురోజు సాయంత్రం, నర్సు నా తల రుద్ది, "అమ్మమ్మా, ఇక పడుకోండి" అంది. తడి తలతో! "ఆరలేదమ్మా" అన్నాను. "ఫ్యానుంది కదా" అంది. ఆ ఫ్యాను నా తల్లి కాలం నాటిది, ఊగడమే తప్ప గాలి లేదు. నేను మంచం మీద బొమ్మలా కూర్చున్నాను. కాసేపటికి పక్క మంచం ఆవిడ, అటుపక్క మంచం ఆవిడ లేచి, గోడ మీది క్యాలెండరు తీసి వంతులవారీగా విసిరారు. ఇద్దరికీ తలా ఒక కన్నే. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు.

ఎడమది పోయింది. కుడిది నిలిచింది. గుడ్డి కన్నా మెల్ల నయం కదా. కట్టు విప్పాక ఇంటికొచ్చి చేసిన మొదటి పని పెట్టె అడుగు నుంచి దువ్వెన తీయడం. వెలుగులో పెట్టి చూశాను. వెన్ను మీద చిన్న మల్లెపువ్వు ఉంది, నలభై ఏళ్లుగా వేలికి తగులుతూనే ఉంది, అరిగిన గీత అనుకున్నాను. బాగా చెక్కాడు. మనసారా ఏడ్చాను, డాక్టరు ఏడవొద్దన్నా సరే.

డాక్టరు ఇంకా కొన్నాళ్లు తల రుద్దుకోకూడదన్నాడు, కంట్లో నీళ్లు పడకూడదట. చూసి చూసి చివరికి ఈ నెల ఇరవై నాలుగున రుద్దుకోవచ్చన్నాడు. ఆ రోజు పునీత యోహాను పండుగ. వీధిలో కనపడ్డవాళ్ల మీదల్లా బిందెలతో నీళ్లు పోసే రోజున ఈ ఊళ్లో ఎవరి తల పొడిగా ఉంటుంది గనక? ఎలాగూ తడుస్తాను.

నా జుట్టు సగం నెరిసింది కానీ ఇంకా నడుము దాకా ఉంది. నా ఒక్కదాని వల్ల ఆరదు. ఒఫెలియాకు పెళ్లయింది, పొద్దుగూకేసరికి ఇంటికి పోతుంది. దవావో నుంచి ఓడ మూడు రోజులని విన్నాను. చాప ఎండేసి ఉంచాను. దురియాన్ తేకు. విసనకర్ర ఇక్కడ ఉంది, మాయెస్త్రాదే.

నిన్ను క్షమించానని అనుకోకు. అది వచ్చాక చూద్దాం. ఇరవై నాలుగు సాయంత్రానికి మాత్రం ఇక్కడ ఉండు.

ఈసారి తొందరగా విసురు.

నీ జట్టు,
సియోన్